కొండ మలుపులో తెగే కాల్: మొబిలిటీ ప్రొటోకాళ్లను దేనితో కొలవాలి?

తిరుమల నుంచి సప్తగిరి బస్సు కిందికి దిగుతుంటుంది. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు దర్శనం ఎలా అయిందో ఇంటికి ఫోన్‌ చేసి చెబుతుంటాడు. ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి. బస్సు ఒక బండరాతి మలుపు తిరగ్గానే అవతలి గొంతు ఆగిపోతుంది. ఒకటి రెండు సెకన్లకు మళ్లీ వినిపిస్తుంది, లేదంటే కాలే తెగిపోతుంది. అదే ఫోన్‌, అదే సిమ్‌, రేణిగుంట రోడ్డు మీద రెండింతల వేగంతో పోతున్నా మాట తెగదు.

‘కొండ మీద టవర్లు తక్కువ’ అనేది అందరూ చెప్పే సమాధానం. అందులో కొంత నిజం ఉంది. కానీ రెండు టవర్ల సిగ్నలూ బాగా అందే చోట కూడా కాల్‌ తెగుతుందంటే కారణం వేరే ఉండాలి. ఒక టవర్‌ నుంచి ఇంకో టవర్‌కు ఫోన్‌ను అప్పగించే పని, అంటే హ్యాండోవర్‌, సమయానికి పూర్తి కాకపోవడమే ఆ కారణం. ఈ అప్పగింతను నడిపే నియమాలే మొబిలిటీ ప్రొటోకాళ్లు. వీటిలో ఏది మేలన్న పోలిక ఇంజినీరింగ్‌ కాలేజీల్లో ఏటా ప్రాజెక్టుగా వస్తుంటుంది. ఫలితాల పట్టికలో ‘సగటు హ్యాండోవర్‌ జాప్యం’ అని ఒక అంకె ఉంటుంది, అది తక్కువగా ఉన్న ప్రొటోకాల్‌ గెలిచినట్టు రాస్తారు. ఆ అంకె ఎలా పుట్టిందో విప్పి చూస్తే చాలాసార్లు గెలుపు ప్రొటోకాల్‌ది కాదని తేలుతుంది.

క్లుప్తంగా

నెట్‌వర్క్‌ మారినా కనెక్షన్‌ తెగకుండా చూసే మొబైల్‌ ఐపీ కుటుంబంలోని ప్రొటోకాళ్ల మధ్య కనిపించే తేడాలో పెద్ద వాటా అడ్రస్‌ తనిఖీకి పట్టే ఒక సెకనుది. దాన్ని విడిగా లెక్కించకపోతే పోలిక చెల్లదు. రేడియో వైపు చూస్తే, హ్యాండోవర్‌ విఫలమయ్యేది బండి వేగం వల్ల కంటే సిగ్నల్‌ పడిపోయే వేగం వల్లే. అందుకే గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగంతో సాగే ఘాట్‌ రోడ్డు, 110 కిలోమీటర్ల రైలు మార్గం కంటే కఠినమైన పరీక్ష. సగటు అంకెతో పాటు వైఫల్యాల శాతం, చెడ్డ 5 శాతం హ్యాండోవర్ల జాప్యం కూడా చెప్పని మూల్యాంకనం సగమే చెప్పినట్టు.

ఫోన్‌ కదిలితే మారేవి రెండు

మొదటిది రేడియో బంధం. పాత సెల్‌ను (ఒక టవర్‌ సిగ్నల్‌ అందించే ప్రాంతం) వదిలి కొత్త సెల్‌ను పట్టుకోవాలి. రెండోది ఐపీ అడ్రస్‌. ఇంటర్నెట్‌లో ప్యాకెట్‌ (డేటా ముక్క) చేరాల్సిన చోటును చెప్పేది అదే కాబట్టి, ఫోన్‌ వేరే నెట్‌వర్క్‌లోకి వెళ్తే ఆ అడ్రస్‌ పనికిరాదు. అద్దె ఇల్లు మారినవారికి పాత ఇంటికే ఉత్తరాలు వెళ్తుండటం లాంటి స్థితి ఇది.

ఒకే ఆపరేటర్‌ 4జీలో సెల్‌ మారినప్పుడు అడ్రస్‌ మారదు. ప్యాకెట్లన్నీ ఆపరేటర్‌ కోర్‌ (కేంద్ర నెట్‌వర్క్‌)లోని ఒక గేట్‌వే దాకా వచ్చి, అక్కడి నుంచి జీటీపీ అనే సొరంగంలో ఫోన్‌ ఉన్న టవర్‌కు వెళ్తాయి. సెల్‌ మారితే సొరంగం కొస మాత్రమే మారుతుంది. అందుకే సాఫీగా జరిగిన 4జీ హ్యాండోవర్‌లో అంతరాయం 30 నుంచి 60 మిల్లీసెకన్ల లోపే ఉంటుంది, చెవికి తెలియదు. లాడ్జి వైఫై నుంచి వీధిలోని 4జీకి మారితే మాత్రం అడ్రస్‌ మారుతుంది, టీసీపీ (పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపే పద్ధతి) కనెక్షన్లు తెగుతాయి. ఈ రెండో రకం కదలిక కోసం పుట్టిందే మొబైల్‌ ఐపీ. 1996లో పాత అడ్రస్‌ పద్ధతి ఐపీవీ4 కోసం, 2004లో కొత్త పద్ధతి ఐపీవీ6 కోసం (ఇంటర్నెట్‌ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3775, తర్వాత 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6275) దీన్ని ప్రమాణంగా రాశారు.

మొబైల్‌ ఐపీవీ6లో ఫోన్‌కు రెండు అడ్రస్‌లు ఉంటాయి. హోమ్‌ అడ్రస్‌ ఎప్పటికీ మారదు, కేరాఫ్‌ అడ్రస్‌ చోటును బట్టి మారుతుంది. హోమ్‌ ఏజెంట్‌ అనే యంత్రం ఈ రెండింటి జతను గుర్తుపెట్టుకుని, వచ్చిన ప్యాకెట్లను కేరాఫ్‌ అడ్రస్‌కు మళ్లిస్తుంది. ఇక జాప్యం ఎక్కడ పుడుతుందో లెక్క వేసి చూడవచ్చు.

ఒక సెకను ఎక్కడ పోతోంది

లెక్క కోసం కొన్ని విలువలు అనుకుందాం. ఫోన్‌ తిరుపతిలో ఒక వైఫై నుంచి ఇంకో వైఫైకి మారుతోంది. హోమ్‌ ఏజెంట్‌ హైదరాబాద్‌లో ఉంది, పోయి రావడానికి 30 మిల్లీసెకన్లు. మాట్లాడుతున్న సర్వర్‌ అమెరికాలో ఉంది, పోయి రావడానికి 220.

కొత్త యాక్సెస్‌ పాయింట్‌ను వెతికి, దానికి అతుక్కోవడానికి 100 మిల్లీసెకన్లు అనుకుందాం. ఇది ఉదారమైన అంచనా. బీకన్‌ (యాక్సెస్‌ పాయింట్‌ తన ఉనికిని చెప్పే సంకేతం) కోసం కాచుకుని 13 ఛానళ్లూ వెతికితే, ఒక్కో ఛానల్‌లో 102.4 చొప్పున 1.3 సెకన్లు దాటుతుంది. తర్వాత ‘ఇది కొత్త నెట్‌వర్క్‌’ అని తెలియాలి. రౌటర్‌ ప్రకటనలను 30 నుంచి 70 మిల్లీసెకన్లకొకటి చొప్పున పంపడానికి మొబైల్‌ ఐపీవీ6 అనుమతిస్తుంది, అప్పుడు సగటున సుమారు 25 నిరీక్షించాలి. మామూలు సెట్టింగ్‌లో ప్రకటనల మధ్య గరిష్ఠ వ్యవధి 600 సెకన్లు. అలా వదిలేస్తే ఫోనే రౌటర్‌ను అడగాలి, అడిగే ముందు 0 నుంచి 1 సెకను దాకా యాదృచ్ఛికంగా ఆగాలి.

ఆ తర్వాత వచ్చేదే అసలు చిక్కు. కొత్త అడ్రస్‌ను ఇంకెవరైనా వాడుతున్నారా అని తనిఖీ చేయాలి. దీని పేరు డీఏడీ. ఫోన్‌ ఒక ప్రశ్న పంపి 1000 మిల్లీసెకన్లు ఊరికే ఎదురుచూస్తుంది. ఎవరూ పలకకపోతే అడ్రస్‌ తనదే. ఆపై హోమ్‌ ఏజెంట్‌కు కబురు పంపి జవాబు తీసుకోవడానికి 30.

మొత్తం 100, 25, 1000, 30 కలిపి 1155 మిల్లీసెకన్లు. 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్‌ చొప్పున నడిచే వాయిస్‌ కాల్‌లో ఇది 58 ప్యాకెట్ల నష్టం, అంటే రెండు మూడు మాటలు గల్లంతు.

ఇక్కడితో ప్యాకెట్ల రాక మొదలవుతుంది గానీ, అవి హైదరాబాద్‌ చుట్టు తిరిగి వస్తాయి. సర్వర్‌తో నేరు దారి తెరవాలంటే రిటర్న్‌ రౌటబిలిటీ అనే పరీక్ష జరగాలి. ఒక కబురు హోమ్‌ ఏజెంట్‌ మీదుగా (250), ఇంకొకటి నేరుగా (220) ఏకకాలంలో వెళ్తాయి కాబట్టి పెద్దదైన 250 లెక్కకు వస్తుంది. సర్వర్‌కు కొత్త అడ్రస్‌ తెలిపి, నేరుగా వచ్చే మొదటి ప్యాకెట్‌ అందుకోవడానికి ఇంకో 220. అలా 1625. అంతరాయం ముగిసేది 1155 దగ్గర, నేరు దారి తెరుచుకునేది 1625 దగ్గర. ఈ రెండింటినీ ‘హ్యాండోవర్‌ జాప్యం’ అనే ఒకే పేరుతో పిలవడం పోలికల్లో తరచూ కనిపించే మొదటి పొరపాటు. నేరు దారి అనుమతి గరిష్ఠంగా 420 సెకన్లే చెల్లుతుంది కాబట్టి, 40 నిమిషాల ప్రయాణంలో ఫోన్‌ ఒకేచోట అతుక్కుని ఉన్నా ఐదారుసార్లు ఈ పరీక్ష మళ్లీ జరపాలి. సిగ్నలింగ్‌ భారం లెక్కలో ఇదీ చేరాలి.

ఒకే తక్కెడలో తూచితే

హోమ్‌ ఏజెంట్‌ దూరం వల్ల వచ్చే జాప్యాన్ని తగ్గించడానికి హెచ్‌ఎంఐపీవీ6 పుట్టింది (2005, సవరణ 2008). ఊళ్లోనే ఒక మధ్యవర్తిని పెడుతుంది. స్థానికంగా అడ్రస్‌ మారితే ఆ మధ్యవర్తికి చెబితే చాలు. తిరుపతిలోనే మధ్యవర్తి ఉంటే 30 బదులు 6 మిల్లీసెకన్లు. ఆదా 24. కానీ కొత్త స్థానిక అడ్రస్‌కు డీఏడీ తప్పదు, కాబట్టి మొత్తం 1131. అసలు జాప్యంలో తగ్గింది 2 శాతమే.

పీఎంఐపీవీ6 (ఆర్‌ఎఫ్‌సీ 5213, 2008) దారి వేరు. ఫోన్‌ ఏమీ చేయనక్కర్లేదు. ఫోన్‌ వచ్చి అతుక్కున్నట్టు నెట్‌వర్కే గమనించి, పై యంత్రానికి కబురు పంపి, పాత అడ్రస్‌నే కొత్త చోట కూడా చూపిస్తుంది. అడ్రస్‌ మారలేదు కాబట్టి డీఏడీ లేదు. అతుక్కోవడానికి 100, గుర్తింపు తనిఖీకి ఒక 15, కబురుకు 6 కలిపి 121.

1155, 1131, 121 అని పట్టికలో చూస్తే పీఎంఐపీవీ6 దాదాపు పది రెట్లు మెరుగని రాయాలనిపిస్తుంది. ఇప్పుడు మొదటి రెండింటికీ 2006 నుంచే ప్రమాణంగా ఉన్న ఆప్టిమిస్టిక్‌ డీఏడీని (ఆర్‌ఎఫ్‌సీ 4429) జోడించండి. ఇందులో తనిఖీ సాగుతుండగానే అడ్రస్‌ను వాడుకోవచ్చు. అప్పుడు అంకెలు 155, 131, 121. పది రెట్ల తేడా కాస్తా 28 శాతానికి దిగింది. పేరు ప్రొటోకాల్‌దే గానీ ఆ సెకను డీఏడీది. ఒకదానికి డీఏడీ పెట్టి, ఇంకోదానికి తీసేసి పోల్చడం ఒక తక్కెడలో రాయి పెట్టి తూచడమే. ఏ పోలిక చదివినా ముందు వెతకాల్సింది ఈ సెట్టింగ్‌నే.

ఎఫ్‌ఎంఐపీవీ6 (2005, తాజా రూపం 2009) కథ ఇంకొంచెం లోతైనది. పాత బంధం తెగకముందే ‘ఫలానా చోటికి పోతున్నాను’ అని ఫోన్‌ పాత రౌటర్‌కు చెబుతుంది. రెండు రౌటర్లూ మాట్లాడుకుని మధ్యలో సొరంగం వేసుకుంటాయి. ఫోన్‌ గాలిలో ఉన్న ఆ 100 మిల్లీసెకన్లలో వచ్చిన ప్యాకెట్లను కొత్త రౌటర్‌ దాచి, ఫోన్‌ రాగానే ఇచ్చేస్తుంది. వాయిస్‌కు 5 ప్యాకెట్ల చోటు చాలు. పట్టికలో ‘ప్యాకెట్‌ నష్టం 0’ అని వస్తుంది.

అంకె నిజమే, చెవికి వినపడేది వేరు. దాచిన ఐదు ప్యాకెట్లు 100, 80, 60, 40, 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరతాయి. ఆ ఫోన్‌లోని ప్లేఅవుట్‌ బఫర్‌ (ప్యాకెట్లను కాసేపు ఆపి సమంగా వినిపించే చోటు) 60 దాకానే ఓర్చుకుంటే, మొదటి రెండు ప్యాకెట్లు చేరినా పారేయక తప్పదు. అందుకే వాయిస్‌కు సంబంధించి నష్టాన్ని నెట్‌వర్క్‌ చివర లెక్కపెట్టకూడదు, బఫర్‌ దాటాక లెక్కపెట్టాలి.

ఇంతకంటే పెద్ద షరతు ఇంకొకటుంది. ముందస్తు కబురు పంపేటంత వ్యవధి ఫోన్‌కు దొరకాలి. దొరకకపోతే అది రియాక్టివ్‌ పద్ధతికి దిగిపోతుంది, అంటే కొత్త చోట అతుక్కున్నాక పాత రౌటర్‌ను బతిమాలాలి. తిన్నని రోడ్డు మీద వ్యవధి దొరుకుతుంది. ఘాట్‌ మలుపులో దొరుకుతుందా?

మలుపు దగ్గర 4.8 మీటర్లు

తిరుమలకు రెండు ఘాట్‌ రోడ్లు. 1944లో తెరిచిన మొదటిది దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగే రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. ప్రమాదాలు జరగకుండా దిగడానికి కనీసం 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఉంది. దిగే బండి సగటు వేగం గంటకు సుమారు 28.5 కిలోమీటర్లకు మించదన్నమాట, సెకనుకు దాదాపు 7.9 మీటర్లు. 30, 60, 120 కిలోమీటర్ల వేగాలు అని పేర్చే అధ్యయనాల్లో ఇది ‘నెమ్మది’ కోవలో పడుతుంది.

ఇప్పుడు ఒక మలుపును దగ్గరగా చూద్దాం. టవర్‌ 1500 మీటర్ల దూరంలో ఉంది. బస్సుకు 50 మీటర్ల ముందు ఒక బండరాతి అంచు ఉంది. టవర్‌ నుంచి వచ్చే చూపు గీత ఆ అంచును తాకుతున్న క్షణంలోనే 6 డీబీ (డెసిబెల్‌, సిగ్నల్‌ బలం తేడాను కొలిచే ప్రమాణం) నష్టం ఉంటుంది. బస్సు ఆ గీతకు అడ్డంగా 4.8 మీటర్లు నీడలోకి జరిగితే, కత్తి అంచు వివర్తన సూత్రం ప్రకారం 1800 మెగాహెర్ట్జ్‌లో నష్టం 20.5 డీబీకి చేరుతుంది. బస్సు పొడవులో సగం కదలగానే సిగ్నల్‌ శక్తి దాదాపు ముప్పయ్యో వంతుకు పడిపోయింది. పట్టిన సమయం 0.6 సెకను. ఇదే జరుగుబాటుకు 900 మెగాహెర్ట్జ్‌లో నష్టం సుమారు 18 డీబీ, 5జీ వాడే 3500లో 23. పౌనఃపున్యం పెరిగేకొద్దీ నీడ చిక్కబడుతుంది.

ఆ 0.6 సెకనులో నెట్‌వర్క్‌ ఏం చేయాలి? 4జీలో మామూలుగా వాడేది ఏ3 అనే ఘటన. పక్క సెల్‌ సిగ్నల్‌ ప్రస్తుత సెల్‌ కంటే, ఉదాహరణకు, 3 డీబీ ఎక్కువగా ఉండాలి, ఆ స్థితి నిర్ణీత కాలం నిలవాలి. ఆ కాలాన్ని టైమ్‌ టు ట్రిగ్గర్‌ అంటారు, 0 నుంచి 5120 మిల్లీసెకన్ల దాకా 16 విలువల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఫోన్‌ కొలతకు సుమారు 200 మిల్లీసెకన్లు. ఆ కొలతలను నునుపు చేసే ఫిల్టర్‌ సాధారణ విలువ వద్ద కొత్త కొలతకు సగం బరువే ఇస్తుంది, అంటే 15 డీబీ పతనంలో తొలి కొలతకు 7.5 మాత్రమే కనిపిస్తుంది. ట్రిగ్గర్‌ 320 అనుకుంటే, నివేదిక పంపడం, కొత్త సెల్‌ సిద్ధం కావడం, ఆజ్ఞ రావడం అన్నీ కలిపి ఇంకో 50 నుంచి 100. మొత్తం దాదాపు 600 మిల్లీసెకన్లు. సరిగ్గా గడువు అంచు మీద. ట్రిగ్గర్‌ 640 పెడితే గడువు దాటిపోయినట్టే.

గడువు దాటితే ఎందుకు కుప్పకూలుతుందంటే, ‘కొత్త సెల్‌కు వెళ్లు’ అనే ఆజ్ఞ పాత సెల్‌ నుంచే రావాలి. బండరాయి వెనక్కి పోయింది ఆ పాత సెల్లే. పైగా 4జీలో పక్కపక్క సెల్‌లు ఒకే పౌనఃపున్యాన్ని వాడతాయి. పాత సెల్‌ మాట కొత్త సెల్‌ హోరులో మునిగిపోతుంది. ఆజ్ఞ అందని ఫోన్‌ పాత సెల్‌నే పట్టుకుని వేలాడుతుంది. బంధం చెడిందని వరసగా సూచనలు వచ్చాక టీ310 అనే గడియారం మొదలవుతుంది. అది 1000 మిల్లీసెకన్లకు పెట్టి ఉంటే ఒక సెకను, ఆపై కొత్త సెల్‌ను వెతికి బంధాన్ని మళ్లీ కట్టుకోవడానికి ఇంకొంత. ప్రయాణికుడికి వినపడని రెండు సెకన్లు ఇవే.

110 కిలోమీటర్ల వేగంతో రేణిగుంట దాటే రైలుతో పోల్చండి. 320 మిల్లీసెకన్లలో రైలు 9.8 మీటర్లు పోతుంది. సమతల నేల మీద టవర్‌కు కిలోమీటరు దూరాన 10 మీటర్ల తేడాకు సగటు సిగ్నల్‌ మారేది ఒక డీబీలో చిన్న భాగం. గడువు బోలెడంత. మరి వేగాన్ని బట్టి ట్రిగ్గర్‌ను 0.25, 0.5, 0.75 రెట్లకు తగ్గించే ఏర్పాటు 4జీలో ఉంది కదా అంటే, అది వేగాన్ని అంచనా వేసేది నిర్ణీత కాలంలో ఎన్ని సెల్‌లు మారాయన్న లెక్కతో. నెమ్మదిగా దిగే బస్సు ఆ లెక్కలో మామూలు స్థితిగానే మిగిలిపోవచ్చు. కొండకు ఆ మందు పనిచేయదు.

ట్రిగ్గర్‌ను అన్నిచోట్లా 80కి తగ్గించేస్తే సరిపోతుందా? గాంధీ రోడ్డు, బస్టాండు చుట్టుపక్కల కథ తిరగబడుతుంది. అక్కడ సెల్‌లు దగ్గరదగ్గరగా ఉంటాయి, సిగ్నళ్లు ఒకదానికొకటి సమానంగా ఊగుతుంటాయి. ఫోన్‌ అటూ ఇటూ గెంతుతుంది. దీన్నే పింగ్‌పాంగ్‌ అంటారు. కొత్త సెల్‌లో 1 సెకను కూడా నిలవకుండా పాత సెల్‌కు తిరిగొస్తే దాన్ని పింగ్‌పాంగ్‌గా లెక్కించడం మొబైల్‌ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ అధ్యయనాల్లో వాడిన కొలమానం. కాబట్టి ఊరంతటికీ ఒకే సెట్టింగ్‌, ఒకే సగటు అన్న మాటకు అర్థం లేదు. మలుపున్న సెల్‌ల జతకు వేరు విలువ, బజారులోని జతకు వేరు విలువ పెట్టుకోవాలి. 4జీ ప్రమాణాల్లో 2009 నాటి రిలీజ్‌ 9 (తొమ్మిదో విడత) నుంచి వస్తున్న స్వయం సవరణ పద్ధతి చేసేది ఇదే. మరీ ఆలస్యం, మరీ తొందర, తప్పు సెల్‌ అని వైఫల్యాలను మూడుగా విడదీసి, జతజతకూ విలువ దిద్దుతుంది.

సగటు వెనక ఏముంది

వంద హ్యాండోవర్లలో 95కు 50 మిల్లీసెకన్ల చొప్పున, 5కు 2 సెకన్ల చొప్పున పట్టాయనుకోండి. సగటు 147.5. ఆ 147.5 ఏ ఒక్క ప్రయాణికుడికీ ఎదురుకాలేదు. 95 మందికి ఏమీ తెలియలేదు, ఐదుగురికి కాల్‌ పాడైంది. మధ్యగతం 50 అని, 5 శాతం హ్యాండోవర్లలో 2 సెకన్లు అని విడివిడిగా చెబితేనే చదివేవారికి నిజం తెలుస్తుంది. విఫలమైన హ్యాండోవర్లకు ‘జాప్యం’ లేదంటూ వాటిని సగటులోంచి తీసేసే పట్టికలూ ఉంటాయి. అలా తీసేస్తే ఎక్కువ విఫలమయ్యే ప్రొటోకాల్‌కే మంచి సగటు వస్తుంది. ఇది చిన్న పొరపాటు కాదు, ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

టీసీపీ మీద ప్రభావం విడిగా చూడాలి. మళ్లీ పంపే గడువు 250 మిల్లీసెకన్లుగా ఉన్న కనెక్షన్‌కు 1155 అంతరాయం వచ్చిందనుకుందాం. 250 దగ్గర మళ్లీ పంపుతుంది, పోతుంది. గడువు రెట్టింపై 750 దగ్గర ఇంకోసారి, అదీ పోతుంది. మళ్లీ రెట్టింపై 1750 దగ్గర పంపినది చేరుతుంది. దారి 1155కే తెరుచుకున్నా దాదాపు 600 మిల్లీసెకన్లు ఖాళీగా పోయాయి. హ్యాండోవర్‌ జాప్యం కొంచెం తగ్గించి 740కి తెస్తే టీసీపీ 750కే లేస్తుంది, 760 అయితే 1750 దాకా లేవదు. 20 మిల్లీసెకన్ల తేడాకు ఒక సెకను ఫలితం. పోయినదాన్ని మళ్లీ పంపని యూడీపీలో కొలిచిన జాప్యాన్ని బట్టి డౌన్‌లోడ్‌ వేగాన్ని ఊహించకూడదన్నది ఇందుకే.

వైఫల్యాల శాతానికి ఇంకో జాగ్రత్త. 100 హ్యాండోవర్లలో ఒక్కటీ విఫలం కాలేదంటే వైఫల్యం సున్నా అని కాదు. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది ‘3 శాతం లోపు’ అని మాత్రమే. 1 శాతం లోపు అనాలంటే వరసగా 300 సఫలం కావాలి. ఒక దిగుడులో 20 హ్యాండోవర్లు పడతాయనుకుంటే 15 సార్లు దిగాలి.

సిమ్యులేటర్‌లో దొర్లే తప్పులు

ఎన్‌ఎస్‌-3, ఓమ్నెట్‌++ వంటి సిమ్యులేటర్లు (నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్లు) ఉచితంగా దొరుకుతాయి, విద్యార్థులకు ఇవే ఆధారం. ఎన్‌ఎస్‌-3లోని ఏ3 హ్యాండోవర్‌ నమూనా 3 డీబీ, 256 మిల్లీసెకన్ల ముందస్తు విలువలతో వస్తుంది. వాటిని ముట్టుకోకుండా నడిపి వచ్చిన ఫలితాన్ని ‘4జీ పనితీరు’ అనేయడం సరికాదు.

కదలిక నమూనా దగ్గర పెద్ద తప్పు జరుగుతుంది. యాదృచ్ఛిక గమ్యాల వైపు యాదృచ్ఛిక వేగంతో కదిలించే ర్యాండమ్‌ వేపాయింట్‌లో కనీస వేగాన్ని 0గా వదిలేస్తే, అతి తక్కువ వేగం ఎంచుకున్న నోడ్లు (సిమ్యులేటర్‌లోని ఫోన్లు) గమ్యం చేరకుండా ఇరుక్కుపోతాయి, సమయం గడిచేకొద్దీ సగటు వేగం తగ్గుతూ పోతుంది. మొదటి 100 సెకన్ల ఫలితం, చివరి 100 సెకన్ల ఫలితం వేర్వేరు వేగాలవి అవుతాయి. నోడ్లు మైదానం నడుమకు గుమిగూడటం ఇంకో లక్షణం, దానివల్ల అంచులోని సెల్‌లకు పరీక్షే జరగదు. కనీస వేగం సెకనుకు 1 మీటరైనా పెట్టాలి, మొదటి భాగాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఘాట్‌ రోడ్డు లాంటి చోటుకు ఈ నమూనాయే తగదు. రోడ్డు గీత మీద, మలుపుమలుపుకూ వేగం రాసిన దారి ఫైలు ఇవ్వాలి. నీడను కూడా నేల ఎత్తుల పటం నుంచి తీసుకోవాలి. 8 డీబీ విచలనంతో, 50 మీటర్లకు గానీ మారని సాధారణ నీడ నమూనా నగరానికి సరిపోతుంది. 5 మీటర్లలో 15 డీబీ పడే బండరాయి అందులో ఎక్కడా ఎదురుకాదు.

ఒకే నోడ్‌తో పరీక్ష ఇంకో లోపం. బస్సులో 45 మంది ఉంటే 45 ఫోన్లూ ఒకే మలుపులో, ఒకటి రెండు సెకన్లలో హ్యాండోవర్‌ కోరతాయి. కబుర్లు వరసలో నిలబడతాయి. ఒక్క ఫోన్‌కు 6 మిల్లీసెకన్లలో ముగిసిన పని నలభయ్యో ఫోన్‌కు అంతలో ముగియదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో బస్సు వెనక బస్సు దిగుతుంటే ఈ వరస ఎలా పెరుగుతుందో సిమ్యులేటర్‌లో చూడటం తేలిక, చాలామంది చూడరు. ప్రతి కొలతనూ వేర్వేరు ర్యాండమ్‌ రన్‌ సంఖ్యలతో కనీసం 30 సార్లు నడిపి, సగటుకు పక్కన విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల పరిధి) ఇవ్వాలి. రెండు ప్రొటోకాళ్ల అంతరాలు బాగా కలిసిపోతుంటే ‘ఇది మేలు’ అనే వాక్యం రాయకూడదు.

రోడ్డు మీద కొలవడం

ఫోన్‌తో అసలు రోడ్డు మీద కొలిచేటప్పుడు ముందు చూసుకోవాల్సింది ఫోన్‌ మేలుకొని ఉందా అన్నది. దాదాపు 10 సెకన్లు డేటా కదలకపోతే నెట్‌వర్క్‌ ఫోన్‌ను విశ్రాంతి స్థితికి పంపేస్తుంది, ఆ స్థితిలో జరిగేది హ్యాండోవర్‌ కాదు, ఫోన్‌ తనంతట తానే సెల్‌ ఎంచుకోవడం. అర నిమిషానికొక పింగ్‌ పంపుతూ తీసిన కొలతల్లో హ్యాండోవరే ఉండదు. అందుకే ఐపెర్ఫ్‌3 వంటి పనిముట్టుతో 172 బైట్ల యూడీపీ ప్యాకెట్లు (160 ఆడియో, 12 ఆర్‌టీపీ హెడర్‌) సెకనుకు 50 చొప్పున ఆగకుండా నడపాలి. వరస సంఖ్యల్లో పడ్డ ఖాళీని 20తో గుణిస్తే అంతరాయం మిల్లీసెకన్లలో వస్తుంది. 20 కంటే సన్నగా చూడాలంటే 5 మిల్లీసెకన్లకొక చిన్న ప్యాకెట్‌ పంపాలి. పైకి, కిందికి విడివిడిగా కొలవాలి. హ్యాండోవర్‌లో రెండు దిక్కులూ ఒకే క్షణంలో లేవవు.

రెండు చివర్లా గడియారాలు కలవకపోతే ఒకవైపు జాప్యం కొలవడం వృథా. మామూలు నెట్‌వర్క్‌ సమయ సవరణలో కొన్ని మిల్లీసెకన్ల తేడా ఉంటుంది. జీపీఎస్‌ గడియారం లేకపోతే పోయి వచ్చే సమయమే కొలవాలి. ఆండ్రాయిడ్‌ యాప్‌లు చూపే సెల్‌ సంఖ్య, సిగ్నల్‌ బలం సెకనుకొకసారి మారేవి. ఏ ఆజ్ఞ ఎప్పుడొచ్చిందో తెలియాలంటే మోడెమ్‌ లోపలి సందేశాలు చదివే డ్రైవ్‌ టెస్ట్‌ పనిముట్లు కావాలి. అవి లేకుండా ‘మరీ ఆలస్యమైన హ్యాండోవర్‌’, ‘కవరేజీ లేని చోటు’ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఫోన్‌ను ఒకే సీటులో, ఒకే కిటికీ పక్కన కట్టి ఉంచాలి. బస్సు రేకు, చుట్టూ ఉన్న మనుషులు కలిసి తినే సిగ్నల్‌ చిన్నదేమీ కాదు. ఎక్కే రోడ్డు, దిగే రోడ్డు వేరు కాబట్టి ఆ రెండు కొలతలను కలపకూడదు. శనివారపు రద్దీని, మామూలు మంగళవారాన్ని కూడా విడిగా ఉంచాలి.

నగరి దాటాక

రాష్ట్ర సరిహద్దుల్లో ఇంకో రకం కదలిక ఎదురవుతుంది. నగరి, చిత్తూరు నుంచి తమిళనాడు వైపు, పలమనేరు నుంచి కర్ణాటక వైపు పోతే టెలికాం సర్కిల్‌ (ఆపరేటర్ల సేవా ప్రాంతం) మారుతుంది. కుప్పం దగ్గర మూడు సర్కిళ్లు కలుస్తాయి. ఆపరేటర్‌ ఒకటే అయినా 404 లేదా 405తో మొదలయ్యే నెట్‌వర్క్‌ కోడ్‌ సర్కిల్‌కొకటి ఉంటుంది. రెండు కోడ్‌లనూ సమానమైనవిగా నెట్‌వర్క్‌ ఫోన్‌కు చెప్పి, సరిహద్దు సెల్‌లను ఒకదాని పక్క జాబితాలో ఒకటి రాసి ఉంచితే కాల్‌ సాఫీగా దాటుతుంది. ఏ ఒక్కటి తప్పినా, సిగ్నల్‌ ఎంత బాగున్నా, కాల్‌ పాత సర్కిల్‌ సిగ్నల్‌ పూర్తిగా చచ్చేదాకా అక్కడే ఉండి తెగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు. సొంత నెట్‌వర్క్‌ కోసం ఫోన్‌ వెతికే వ్యవధి 6 నిమిషాల గుణిజాల్లో ఉంటుంది, సిమ్‌లో ఏమీ రాయకపోతే 60 నిమిషాలు. సరిహద్దు ఊళ్లలో ఫోన్‌ చాలాసేపు పక్క రాష్ట్రపు నెట్‌వర్క్‌నే చూపడానికి ఇదొక కారణం.

రాబోయే మార్పులు, కొత్త కొలతలు

ఆజ్ఞ పాత సెల్‌ నుంచే రావాలన్న బలహీనతకు 2020 నాటి రిలీజ్‌ 16 ఒక మార్గం చూపింది. కండిషనల్‌ హ్యాండోవర్‌లో సిగ్నల్‌ బాగున్నప్పుడే ‘ఫలానా షరతు నెరవేరితే ఈ రెండు మూడు సెల్‌లలో ఒకదానికి పో’ అని ఫోన్‌కు ముందే చెప్పి ఉంచుతారు. మలుపు తిరిగాక ఫోన్‌ ఎవరినీ అడగదు. ఎఫ్‌ఎంఐపీవీ6 ఐపీ స్థాయిలో చేయబోయిన ముందస్తు ఏర్పాటే ఇది, కాకపోతే చివరి నిర్ణయం ఫోన్‌ చేతికి వచ్చింది. అదే రిలీజ్‌లోని డాప్స్‌ పద్ధతి కొత్త బంధం కుదిరేదాకా పాత బంధాన్ని వదలదు. అంతరాయం దాదాపు సున్నాకు దిగుతుంది గానీ, పాత సెల్‌ బతికి ఉంటేనే దాని లాభం. బండరాయి మలుపుకు కండిషనల్‌ పద్ధతి, రైలు మార్గానికి డాప్స్‌ నప్పుతాయని చెప్పడానికి పైన చూసిన 0.6 సెకను లెక్కే ఆధారం. రిలీజ్‌ 18లోని ఎల్‌టీఎం సెల్‌ మార్పు ఆజ్ఞను ఇంకా కింది పొరకు దించి వేగం పెంచుతుంది.

వైఫై నుంచి 4జీకి మారే కదలికకు పరిష్కారం పై పొర నుంచి వచ్చింది. 2021లో ప్రమాణమైన క్విక్‌ ప్రొటోకాల్‌ (ఆర్‌ఎఫ్‌సీ 9000) కనెక్షన్‌ను అడ్రస్‌తో కాక ఒక గుర్తింపు సంఖ్యతో పోల్చుకుంటుంది. అడ్రస్‌ మారినా కనెక్షన్‌ తెగదు. హోమ్‌ ఏజెంట్‌ అవసరమే లేదు. అయితే కొత్త దారిని నిర్ధారించుకోవడానికి ఒకసారి పోయి రావాలి, పంపే వేగాన్ని మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాలి. కాబట్టి క్విక్‌ను కొలిచేటప్పుడు ‘తెగిందా లేదా’ అని చూసి వదిలేయకుండా, పాత వేగానికి తిరిగి చేరడానికి ఎంతసేపు పట్టిందో రాయాలి.

కండిషనల్‌ హ్యాండోవర్‌కు కూడా ఖర్చు ఉంది. ముందే సిద్ధం చేసిన ప్రతి సెల్‌లోనూ ఫోన్‌ పేరిట కొంత చోటు కేటాయించి ఉంచాలి. మూడు సెల్‌లను సిద్ధం చేస్తే వాడేది ఒక్కటే. 45 ఫోన్లున్న బస్సుకు 135 కేటాయింపులు, అందులో 90 వాడకుండానే పోతాయి. వెనక ఇంకో బస్సు ఉంటే అవి ఎంతసేపు పట్టి ఉంచారన్నదే ఆ బస్సు ప్రయాణికులకు చోటు దొరుకుతుందా లేదా అని తేలుస్తుంది. అందుకే కొత్త పద్ధతిని పాతదానితో పోల్చే పట్టికలో వైఫల్యాల శాతం పక్కనే, సిద్ధం చేసి వాడని సెల్‌ల సంఖ్యకూ అవి ఖాళీగా గడిపిన సెకన్లకూ ఒక వరస ఉండాలి.